కొరియాలో విడిపోయిన కుటుంబాల కోసం: విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారత విదేశాంగ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఉత్తర, దక్షిణ కొరియాల మధ్య యుద్ధాన్ని ఆపుతూ 1953 జూలై 27న సరిహద్దు గ్రామం పన్మున్‌జోమ్‌లో సంతకాలైన పత్రం కాల్పుల విరమణ ఒప్పందమే తప్ప శాంతి ఒప్పందం కాదు. మూడు నెలల్లోగా రాజకీయ సదస్సు జరపాలని అందులోనే సిఫారసు చేసినా, 1954లో జెనీవాలో జరిగిన చర్చలు ఏమీ తేల్చకుండానే ముగిశాయి. దాదాపు 250 కిలోమీటర్ల పొడవున, నాలుగు కిలోమీటర్ల వెడల్పున మందుపాతరలతో, ముళ్లకంచెలతో నిండిన సైనికరహిత మండలం ఒకే భాష మాట్లాడే ప్రజలను నేటికీ విడదీస్తోంది.

ఈ విషయం మీకే ఎందుకు రాస్తున్నానంటే, నాటి విరమణను అమలు చేయడంలో అతి క్లిష్టమైన పని మన దేశం భుజాన పడింది. స్వదేశానికి తిరిగి వెళ్లబోమన్న ఇరవై రెండు వేలకు పైగా యుద్ధ ఖైదీల భవితవ్యం తేల్చవలసిన తటస్థ దేశాల కమిషన్‌కు జనరల్ కె.ఎస్. తిమ్మయ్య అధ్యక్షత వహించారు. భారత సైనికులు తమ గడ్డపై కాలు మోపడానికి వీల్లేదని దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ పట్టుబట్టడంతో, మన జవాన్లను ఓడల నుంచి హెలికాప్టర్లలో నేరుగా ఆ మండలంలోకి దించవలసి వచ్చింది. ఏ కొరియాకూ, చైనాకూ, తైవాన్‌కూ వెళ్లబోమన్న 88 మంది 1954 ఫిబ్రవరిలో మన సైన్యంతో పాటే భారత్‌కు చేరుకున్నారు. ఈ చరిత్రను మన పాఠ్యపుస్తకాలు పట్టించుకోకపోవడం బాధాకరం.

ఆ యుద్ధంలో విడిపోయిన తమవారిని చూపించమంటూ 1988 నుంచి దక్షిణ కొరియా ప్రభుత్వం వద్ద పేర్లు నమోదు చేసుకున్నవారు లక్షా ముప్పై వేలకు పైనే. వారిలో నేడు బతికి ఉన్నవారు నలభై వేల లోపే, అందులోనూ అత్యధికులు ఎనభై దాటినవారు. 2018 ఆగస్టులో ఉత్తర కొరియాలోని కుమ్‌గాంగ్ పర్వతం వద్ద జరిగిన కలయికలో, పారిపోతుండగా నాలుగేళ్ల వయసులో తప్పిపోయిన కొడుకును తొంభై రెండేళ్ల తల్లి మళ్లీ చూసుకుంది. అప్పటికి ఆ కొడుక్కి డెబ్భై ఒక్క ఏళ్లు. మూడు రోజుల్లో కలిసి గడపడానికి వారికి దొరికింది సుమారు పన్నెండు గంటలే. ఆ తర్వాత అలాంటి కలయిక మరొకటి జరగలేదు.

పరిస్థితి మెరుగుపడే సూచనలూ కనబడటం లేదు. యుద్ధానికి ముగింపు పలుకుతామని 2018 ఏప్రిల్‌లో ఉభయ కొరియాల నాయకులు చేసిన ప్రకటన కాగితానికే పరిమితమైంది. పునరేకీకరణ లక్ష్యాన్నే వదులుకుంటున్నట్లు 2024 జనవరిలో ప్రకటించిన ఉత్తర కొరియా, అదే ఏడాది అక్టోబరులో దక్షిణాదితో కలిపే రహదారులను పేల్చివేసింది. అణ్వాయుధాల సంగతి తేలనిదే శాంతి ఒప్పందం ఊసెత్తకూడదని వాదించేవారున్నారు. 2006 నుంచి ఆరు అణు పరీక్షలు జరిపిన ప్రభుత్వం వల్ల పొంచి ఉన్న ప్రమాదాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ షరతు తీరేదాకా ఆగేంత ఆయుష్షు ఆ వృద్ధులకు లేదు.

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌తో సత్సంబంధాలున్న భారత్, 2021లో మూతపడిన ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్‌లోని తన రాయబార కార్యాలయాన్ని 2024 డిసెంబరులో తిరిగి పనిలోకి తెచ్చింది. రెండు రాజధానుల్లోనూ మాట్లాడగల దేశాలు కొద్దిగానే ఉన్న ఈ తరుణంలో, ముందుగా తమవారు బతికి ఉన్నారో లేదో ఆ కుటుంబాలకు తెలిపే ఏర్పాటును, ఆపై రెడ్‌క్రాస్ ద్వారా ఉత్తరాల మార్పిడిని మన రాయబారులు ఉభయ ప్రభుత్వాల ముందు ప్రతిపాదించాలని, విరమణ స్థానంలో శాంతి ఒప్పందం రావాలన్న వైఖరిని ఐక్యరాజ్యసమితిలో భారత్ స్పష్టంగా వినిపించాలని మిమ్మల్ని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక శాంతి ఉద్యమ కార్యకర్త, విజయవాడ