ఖర్చుల ఆర్డరును తేలిగ్గా తీసుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

గట్టు తగాదా కానీ, ఆస్తి పంపకం కానీ, నెల్లూరు, కావలి, ఒంగోలు కోర్టుల్లో దావా నడిపే రైతుకు దిగులంతా తుది తీర్పు గురించే. మధ్యలో ఎదుటి పక్షానికి కట్టమని కోర్టు వేసే ఖర్చులను ‘ఐదొందలే కదా, వచ్చే వాయిదాకి కడదాం’ అని వదిలేస్తాడు. కొంప మునిగేది అక్కడే.

ఎక్స్‌పార్టీ డిక్రీ (మనం హాజరు కానప్పుడు ఒకవైపు విని ఇచ్చిన డిక్రీ) రద్దు కోరుతూ 30 రోజుల్లో పిటిషన్ వేశారనుకుందాం. ‘ఫలానా తేదీలోగా ఎదుటి పక్షానికి 500 రూపాయలు చెల్లిస్తే పిటిషన్ మంజూరు, లేకుంటే కొట్టివేత’ అని ఆర్డరు వస్తుంది. ఆ చివరి రెండు మాటలే ప్రాణం. తేదీ దాటితే మరో ఆర్డరు అక్కర్లేకుండానే పిటిషన్ పోతుంది, పాత డిక్రీ అలాగే నిలుస్తుంది.

డబ్బు ఎదుటి వకీలుకిచ్చి రసీదు తీసుకోవాలి. ఆ రసీదును మెమోతో, అంటే సంగతి తెలిపే చిన్న కాగితంతో, కోర్టులో దాఖలు చేయాలి. ఫోన్‌లో పంపి ఊరుకుంటే కేసు రికార్డులోకి ఎక్కదు. ఆయన తీసుకోనంటే వాదన పెట్టుకోకుండా, అదే రోజు ఆ సంగతి మెమోలో రాసి, కోర్టులో జమ చేయడానికి అనుమతి అడగాలి.

గడువు దాటినా దారి ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148 కింద గడువు పెంచమని పిటిషన్ వేయాలి. ఏ రోజు ఏం అడ్డొచ్చిందో అఫిడవిట్‌లో తేదీలతో చెప్పాలి, డబ్బు చేతిలో పెట్టుకుని వెళ్లాలి. గడువు ముగిసిన తర్వాత కూడా పెంచే అధికారం కోర్టుకు ఉందని మహంత్ రామ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. చాలామంది ఇది వదిలేసి ‘ఖర్చులు రద్దు చేయండి’ అని వేస్తారు. గడువు సంగతి అందులో తేలదు, రోజులు మాత్రం గడిచిపోతాయి.

వాయిదాలు సాగదీసినందుకు సెక్షన్ 35-బి కింద వేసే ఖర్చులు వేరు. అవి తర్వాతి వాయిదాకి కట్టకపోతే వాది దావాను, ప్రతివాది తన వాదాన్ని ముందుకు నడపడానికి వీల్లేదు. అంతేగానీ ఆ ఒక్క కారణంతో దావా కొట్టేయకూడదని మనోహర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక రద్దు మాట. అబద్ధపు దావా అని సెక్షన్ 35-ఎ కింద వేసే పరిహార ఖర్చులకు పరిమితి 3,000 రూపాయలు. కోర్టు కారణాలు రాయకపోతే, లేదా ఎదుటి పక్షం అసలు అభ్యంతరమే చెప్పకపోతే, ఆ లోపాన్ని అప్పీలులో గట్టిగా పట్టుకోవచ్చు. ఈ ఆర్డరుపై సెక్షన్ 104 కింద నేరుగా అప్పీలు ఉంది. 35-బి ఆర్డరుకు ఆ వీలు లేదు. రాజ్యాంగంలోని 227వ అధికరణ కింద అమరావతిలోని హైకోర్టుకు వెళ్లాలి. పిటిషన్ వేసినంత మాత్రాన స్టే వచ్చినట్టు కాదు, విడిగా అడగాలి. ఆర్డరులోనే తప్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తే అదే కోర్టులో 30 రోజుల్లో రివ్యూ (పునఃపరిశీలన) పిటిషన్ వేయవచ్చు. డిక్రీలో కూడిక తప్పయితే సెక్షన్ 152 కింద ఎప్పుడైనా దిద్దించుకోవచ్చు, అప్పీలు దాకా పోనక్కర్లేదు.

గెలిచినవారికి ఖర్చులు రావడం సాధారణ నియమం. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో కోర్టు రాయాలి. గట్టు దావాల్లో అడ్వకేట్ కమిషనర్ (స్థలం చూసి నివేదిక ఇవ్వడానికి కోర్టు నియమించే వకీలు) ఫీజు, సర్వేయర్ ఖర్చు బాగానే అవుతాయి. వాటి రసీదులు తీర్పు వచ్చాక వెతికితే దొరకవు. కట్టిన రోజే కేసు కట్టలో పెట్టించండి.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల న్యాయసేవాధికార సంస్థలకు మా విన్నపం ఒక్కటే. ఖర్చుల ఆర్డరు పడినప్పుడు ఎంత, ఎవరికి, ఏ తేదీలోగా, కట్టకపోతే ఏమవుతుందో నాలుగు తెలుగు వాక్యాల్లో చీటీ రాసి కక్షిదారు చేతికిచ్చే ఏర్పాటు చేయండి. ఆడవారికి, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. ఫోన్ నంబరు 15100.

— సివిల్ న్యాయవాదులు, నెల్లూరు