స్కానింగ్ చీటీలో రాయని తొడనొప్పి

సంపాదకులకు,

అయ్యా,

గత కార్తీకమాసంలో 78 ఏళ్ల మా మేనత్త, కుడితొడ లోపలివైపు నుంచి మోకాలిదాకా నరం లాగుతోందని మూడు రోజులు బాధపడితే, ఆ వయసులో మామూలేనని ఇంటిల్లిపాదిమీ అనుకున్నాం. మా ఊరి ఆర్‌ఎంపీ గారు నొప్పి ఇంజెక్షన్ చేశారు. అమలాపురంలో మోకాలికి ఎక్స్‌రే తీసి కీళ్లవాతమన్నారు. కాలు చాపితే ప్రాణం పోతోందని, ముడుచుకుని ఒత్తిగిలితే కాస్త నయమని ఆవిడ చెబుతూనే ఉంది. నాలుగో రోజు పొట్ట ఉబ్బి, పచ్చటి వాంతులయ్యాక గాని మాకు భయం వేయలేదు.

అల్ట్రాసౌండ్‌లో పేగుల నిండా గాలే కనిపించింది. తరువాత తీసిన సీటీ స్కాన్‌కు చీటీలో ‘కడుపునొప్పి, వాంతులు’ అని మాత్రమే రాశారు; తొడనొప్పి ఊసే లేదు. చిన్నపేగుకు అడ్డు పడిందని, కారణం తెలియడం లేదని రిపోర్టు వచ్చింది. ఆ రాత్రే ఫిల్ముల కవరు ఒళ్లో పెట్టుకుని, యానాం–ఎదుర్లంక వారధి దాటి కాకినాడ చేరాం. అక్కడి సర్జన్ ముందుగా అడిగిన మాట: “కాలేమైనా నొప్పి ఉందా, అమ్మా?” ఆ జవాబు విన్నాక ఆయన అవే ఫిల్ముల్లో చివరి వరుసను వెలుగుకు పెట్టి, కుడితొడ మొదట్లో రెండు కండరాల నడుమ రేగుపండంత బూడిదరంగు గుండ్రాన్ని వేలితో చూపించారు. ఎడమవైపు అదే చోట అలాంటిదేమీ లేదు. కొత్తగా స్కాన్ అక్కరలేకపోయింది. ఆపరేషన్‌లో జానెడు పేగు నల్లబడి ఉండడంతో తీసేయవలసి వచ్చింది. దేవుడి దయవల్ల ఆవిడ కోలుకుంది.

దీనిని అబ్ట్యురేటర్ హెర్నియా అంటారు. కటి ఎముకలో ఒక నరం తొడలోకి దిగే సన్నని దారిగుండా పేగు జారి ఇరుక్కుంటుంది. ఆ నరం నలగడం వల్లనే తొడ లాగుతుంది. ఈ గుర్తును 19వ శతాబ్దంలోనే, అంటే ఎక్స్‌రే పుట్టకముందే, హౌషిప్, రాంబెర్గ్ అనే వైద్యులు వర్ణించారు. హెర్నియాలన్నిటిలో నూటికి ఒకటి కూడా ఉండని ఈ జబ్బు ఎక్కువగా బక్కచిక్కిన, ఎక్కువ కాన్పులైన వృద్ధ స్త్రీలకే వస్తుంది, ఎందుకంటే ఒళ్లు తీసిపోయినకొద్దీ ఆ దారిని కప్పి ఉంచే కొవ్వు కరిగిపోతుంది. మామూలు హెర్నియాలా గజ్జలో బుడిపె కనబడదు, లోతున కండరం కింద దాగి ఉంటుంది కనుక చేతికీ అందదు. అటువంటి బక్కచిక్కిన వృద్ధ స్త్రీలు కోనసీమలో ఇంటికొకరు ఉంటారు గనుకనే ఈ ఉత్తరం.

1971లో లండన్‌లో తొలిసారి ఒక రోగి తలకు సీటీ తీసినప్పుడు ఒక్కో బొమ్మకు నిమిషాలు పట్టింది. ఇప్పుడు పొట్టంతా కొన్ని సెకన్లలో వందల పొరలుగా వచ్చిపడుతోంది. అన్ని వందల బొమ్మల్లో ఎక్కడ ఆగి చూడాలో చూసేవారికి ఎవరో ఒకరు చెప్పాలి కదా! అరుదైన జబ్బులన్నిటిదీ ఇదే వరస. పిత్తాశయపు రాయి పేగులో పడి అడ్డుకుంటే, దాని జాడ కాలేయంలోని పైత్యనాళాల్లో చేరిన గాలి రూపంలో ఉంటుంది. పుట్టుకతో సరిగా అమరని పేగులు మెలిపడి పసిబిడ్డ ఆకుపచ్చగా కక్కితే, రక్తం పారే తీరును చూపే డాప్లర్ స్కాన్‌లో ధమని చుట్టూ సిర తాడులా మెలితిరిగి కనిపిస్తుంది. ఆ సంగతి తెలిసి వెతికినవారికే అవి కనిపిస్తాయి.

ప్రతి కడుపునొప్పికీ సీటీ తీయమని నేను కోరడం లేదు. దాని రేడియేషన్ ఛాతీ ఎక్స్‌రేకు ఎన్నో రెట్లు. తీసేటప్పుడు మాత్రం వైద్యులు చీటీలో నొప్పి ఎక్కడ మొదలైందో, ఎటు పాకిందో, ఎన్నాళ్లయిందో రెండు వాక్యాలు రాయాలి. ‘పొట్ట’ అని ఊరుకోకుండా తొడ మొదలుదాకా తీయమని స్పష్టంగా చెప్పాలి, లేకపోతే అసలు చోటే బొమ్మలో రాదు. స్కానింగ్ కేంద్రాలు ఏరిన నాలుగు ఫిల్ములతో సరిపెట్టకుండా మొత్తం బొమ్మలను సీడీలో ఇస్తే, పెద్దాసుపత్రిలో మళ్లీ డబ్బు, మళ్లీ రేడియేషన్, అన్నిటికన్నా ముఖ్యంగా మళ్లీ ఆలస్యం తప్పుతాయి. జిల్లా వైద్యాధికారులు ఈ మూడింటినీ ఒక్క ఉత్తర్వుతో అమలు చేయించవచ్చునని నా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా