అరగడం వేరు, ఒంటికి పట్టడం వేరు

సంపాదకులకు,

అయ్యా,

తిన్నది అరగడం, అరిగినది ఒంటికి పట్టడం అని మన ఇళ్లలో రెండు మాటలున్నాయి. ‘వీడికి అరుగుతోంది గాని ఒంటికి పట్టడం లేదు’ అని మనవణ్ణి చూసి దిగులుపడే అమ్మమ్మకు ఆ రెండింటికీ తేడా బాగా తెలుసు. మీ ఆరోగ్య పేజీలో ఇటీవల గ్యాస్ బాధల గురించి వచ్చిన వ్యాసం మాత్రం జీర్ణక్రియ అంతా పొట్టలోనే ముగిసిపోతుందనీ, అక్కడి ఆమ్లాన్ని తగ్గించుకుంటే చాలనీ అనిపించేలా ఉంది. కోనసీమ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినదాన్ని. అయినా ఇదే పొరపాటు మా ఇంట్లోనే జరిగింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అత్తగారికి 74 ఏళ్లు. గుండెల్లో మంటకని ఒకప్పుడు డాక్టరు పదిహేను రోజులకు రాసిచ్చిన, పొట్టలో ఆమ్లాన్ని తగ్గించే మాత్రలను, ఆ గడువు దాటాక కూడా మందుల షాపులో స్ట్రిప్పుల లెక్కన కొనుక్కుని, రోజూ పరగడుపున వేసుకుంటూ ఆరేళ్లు గడిపారు. గ్యాస్ మాత్రే కదా అని మేమూ పట్టించుకోలేదు. పోయిన ఏడాది ఆవిడకు అరికాళ్లు తిమ్మిరెక్కడం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం రావడం మొదలైంది. నాలుక ఎర్రబడి నున్నగా తయారై, ఆవకాయ కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్లనీళ్లు తిరిగేవి. రక్తపరీక్షలో బి12 విటమిన్ బాగా తక్కువగా ఉందని తేలింది. శాకాహారులకు ఈ లోపం రావచ్చని తెలుసు గాని, వారంలో నాలుగు రోజులు చేపల పులుసో రొయ్యల ఇగురో తినే మనిషికి ఎందుకు వచ్చిందో నాకు వెంటనే అర్థం కాలేదు.

ఆవిడ తినే ఆ చేపల పులుసు అన్నం ఏ దారిన వెళుతుందో చూస్తే సంగతి తెలుస్తుంది. అన్నంలోని పిండిపదార్థం నోట్లోనే, లాలాజలంలోని ఎమైలేజ్ అనే ఎంజైమ్ వల్ల, చక్కెరగా మారడం మొదలుపెడుతుంది. క్లాసులో పిల్లల చేతుల్లో తలా కాస్త ఉత్త అన్నం పెట్టి, మింగకుండా వంద లెక్కపెట్టే వరకు నమలమనేదాన్ని. లెక్క పూర్తికాక ముందే ఎవరో ఒకరు ‘టీచర్, తియ్యగా ఉంది!’ అని అరిచేవారు. జీర్ణాశయంలోకి దిగాక అక్కడి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఎమైలేజ్ పనిని ఆపేస్తుంది; చేపలోని మాంసకృత్తుల మీద పెప్సిన్ అనే మరో ఎంజైమ్ పని మొదలవుతుంది; తిండితో పాటు వచ్చిన సూక్ష్మజీవులు చాలావరకు ఆ ఆమ్లంలోనే చస్తాయి. అంతే తప్ప, తిన్నదాంట్లో రక్తంలోకి చేరేది అక్కడ అత్యల్పం. ఆహారం చిక్కటి జావలా అయ్యాక జీర్ణాశయం దాన్ని కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి వదులుతుంది. క్లోమరసం వచ్చి ఆమ్లాన్ని విరిచేస్తుంది, పైత్యరసం నూనెనూ నెయ్యినీ సన్నటి బిందువులుగా చెదరగొడుతుంది, ఆపైన సుమారు 6 మీటర్ల పొడవునా పేగు లోపలి గోడకు మఖమల్ నూగులా ఉండే ఆంత్రచూషకాలు ఆ సారాన్ని పీల్చుకుంటాయి. ఒంటికి పట్టడమంటే ఇదే.

భోజనం మధ్యలో నీళ్లు తాగితే జీర్ణరసాలు పలచబడతాయని కూడా మీ వ్యాసంలో రాశారు. మనం తాగే నీళ్లు, శరీరమే స్రవించే రసాలు కలిపి రోజుకు సుమారు 9 లీటర్ల ద్రవం చిన్నపేగు చేరుతుంది. అందులో ఎక్కువ భాగం అక్కడే రక్తంలోకి ఇంకిపోతుంది. ఒక గ్లాసు మంచినీళ్లకు ఆ ఏర్పాటు చెడిపోదు.

ఇక బి12. చేపలో అది మాంసకృత్తులకు అంటుకుని ఉంటుంది. దాన్ని విడదీయడానికి పొట్టలోని ఆమ్లమూ పెప్సినూ కావాలి. విడివడ్డ బి12కు తోడు నిలిచే ఒక ప్రత్యేకమైన ప్రోటీన్‌ను కూడా జీర్ణాశయం గోడలే తయారుచేస్తాయి. ఆ రెండూ చిన్నపేగులో జతకట్టి, పేగంతా దాటి చిట్టచివరి భాగానికి చేరితే తప్ప అది రక్తంలోకి వెళ్లదు. మన డెల్టాలో శివారు భూమి ఉన్న రైతుకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీరు తగ్గించి వదిలితే ముందుగా ఎండేది కాలువ చివరి పొలమే. వయసుతో పాటు ఆమ్లం తగ్గి ఉండవచ్చనీ, ఏళ్ల తరబడి మాత్రలు వాడడం దానికి తోడైందనీ డాక్టరు చెప్పారు.

భీమవరంలో 1895లో పుట్టిన వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిని మనం తలుచుకుంటూనే ఉంటాం. ఆయన అన్నదమ్ములిద్దరిని బలిగొన్న స్ప్రూ అనే జబ్బు చిన్నపేగుకు సంబంధించినదే; తిన్నది ఒంటికి పట్టకుండా చేసి మనిషిని క్షీణింపజేస్తుంది. దాన్ని మనవాళ్లు గ్రహణి అనేవారు. గ్రహించే చోటు చెడితే వచ్చేది గనుక ఆ పేరు నాకెంతో సరైనదనిపిస్తుంది. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకు మందుగా పనికొచ్చిన ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన అమెరికా పరిశోధక బృందాన్ని నడిపించింది ఆయనే. అటువంటి మనిషి పుట్టిన గడ్డ మీద పేగుల సంగతి ఇంత తక్కువగా తెలిసి ఉండడం నాకు బాధగా ఉంది.

ఈ మాత్రలు చెడ్డవని నేననడం లేదు. పొట్టలో పుండ్లు ఉన్నవారికి, గుండె జబ్బుకు రక్తం పలచబరిచే మందులు వాడేవారికి డాక్టర్లు ఆలోచించే వీటిని రాస్తారు. అలాంటివారు ఈ ఉత్తరం చదివి తమంతట తాము మానేయకూడదు. చాలాకాలం వాడినవి ఒక్కసారిగా ఆపితే ఆమ్లం మరింత ఎక్కువై మంట తిరగబెట్టవచ్చు కూడా. నేను కోరేది రెండే. ఈ మాత్రల్లో ఎక్కువ భాగం చీటీ మీదనే ఇవ్వవలసినవి కాబట్టి షాపులవారు ఆ చీటీ తేదీ అడగాలి. మీ ఆరోగ్య పేజీలో ఇకపై గ్యాస్ గురించి రాసినప్పుడు ఎన్నాళ్లు వాడవచ్చో, ఎప్పుడు డాక్టరుకు మళ్లీ చూపించుకోవాలో, పెద్ద వయసువారు బి12 పరీక్ష గురించి ఎందుకు అడగాలో కూడా రాయించండి.

మా అత్తగారికి ఇప్పుడు బి12 ఇంజెక్షన్లు ఇప్పిస్తున్నాం. నాలుక మంట తగ్గి మళ్లీ ఆవకాయ తింటున్నారు. అరికాళ్ల తిమ్మిరి మాత్రం ఇంకా పోలేదు.

భవదీయురాలు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
రాజోలు, కోనసీమ