తాళం పడకముందే వెళ్లిపోయినవాళ్లు

సంపాదకులకు నమస్కారం.

జనం రోడ్డెక్కితే ప్రభుత్వాలు కూలుతాయని, అవి కూలితే పెట్టుబడులు పారిపోతాయని మీ సంపాదకీయంలో రాశారు. 31 ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్న మనిషిగా చెబుతున్నాను, ఆ వరుస తప్పు. ముందు డబ్బు వెళ్లిపోతుంది. జనం బయటికి వచ్చేది ఆ తర్వాతే.

2001లో అర్జెంటీనా సంగతే చూడండి. అప్పుడు నేను డిపాజిట్ల సెక్షన్లో ఉన్నాను. పేపర్లో ఆ వార్త ఎక్కడుందా అని వెతికి మరీ చదివేవాడిని. 1991లో అధ్యక్షుడు మెనెమ్ ప్రభుత్వం అక్కడి కరెన్సీ పెసో విలువను డాలర్‌కు కట్టేసింది, ఒక పెసోకు ఒక డాలర్ అని. టెలిఫోన్లు, రైళ్లు, చమురు సంస్థ ప్రైవేటుకు ఇచ్చేసింది. డబ్బు రాకపోకలకు తలుపులు బార్లా తెరిచింది. పదేళ్లు తిరిగేసరికి పెసో నిలబడదని పెద్ద ఖాతాదారులకు అర్థమైపోయింది. 2001 పొడవునా వాళ్ల డబ్బు దేశం దాటుతూనే ఉంది. దాన్ని ఎవరూ అల్లరి అనలేదు, మార్కెట్‌కు నమ్మకం తగ్గింది అన్నారు.

డిసెంబర్ మొదట్లో మిగిలినవాళ్ల ఖాతాలకు తాళం పడింది. వారానికి 250 పెసోలకు మించి నగదు ఇవ్వరు. 19వ తేదీ రాత్రి ఇళ్లలోని జనం గిన్నెలు, గరిటెలు మోగిస్తూ వీధుల్లోకి వచ్చారు. 20న అధ్యక్షుడు డి లా రువా రాజీనామా చేసి, అధ్యక్ష భవనం పైనుంచి హెలికాప్టర్లో వెళ్లిపోయారు. ఆ అల్లర్లలో 30 మందికి పైగా చనిపోయారు. రెండు వారాలైనా తిరక్కముందే, ఆయనతో కలిపి, ఆ కుర్చీలో ఐదుగురు కూర్చున్నారు.

అందరికీ గుర్తుండేది ఆ హెలికాప్టరే. నాకు మాత్రం ఆ తర్వాత జరిగిన లెక్క ఇప్పటికీ మింగుడుపడదు. 2002 మొదట్లో బ్యాంకుల్లోని డాలర్లన్నీ పెసోలుగా మార్చారు. డిపాజిట్ అయితే డాలర్‌కు 1.40 పెసోలు, అప్పు అయితే డాలర్‌కు ఒకటే పెసో. అప్పుల మీద ఈ వెసులుబాటు మొదట లక్ష డాలర్ల లోపు వాళ్లకే అన్నారు. ఫిబ్రవరి వచ్చేసరికి ఆ పరిమితి ఎత్తేశారు. డాలర్‌తో ముడి తెగిపోయాక, ఏడాది మధ్యకు బయట డాలర్ ధర మూడు పెసోలు దాటింది. పది లక్షల డాలర్ల అప్పున్న కంపెనీ ముందే డబ్బు బయట దాచుకుని ఉంటే, అందులో మూడో వంతు వెనక్కి తెచ్చి అప్పంతా తీర్చేసుకోవచ్చు. పదివేల డాలర్లు దాచుకున్న టీచర్ చేతికి, కాగితం మీద లెక్కేసినా, ఐదు వేల డాలర్ల విలువ కూడా రాదు. డిపాజిట్లకూ అప్పులకూ మధ్య బ్యాంకులకు వచ్చిన తేడాను ప్రభుత్వ బాండ్లతో పూడ్చారు. అంటే ఆ భారం కూడా చివరికి పన్ను కట్టేవాళ్ల మీదే పడింది.

ఒకసారి మా బ్రాంచి పక్కనే ఉన్న ఒక చిన్న సహకార బ్యాంకులో విత్‌డ్రాయల్ పరిమితి పెట్టారు. ఒక పెద్దాయన దారి తప్పి మా కౌంటర్‌కు వచ్చారు. పాస్‌బుక్ రెండు చేతులతో పట్టుకుని, వేలితో ఆఖరి లైను చూపిస్తూ, "ఇది నా డబ్బే కదా బాబూ?" అని అడిగారు. అవునండీ అన్నాను. మరి ఎందుకివ్వరంటే నా దగ్గర జవాబు లేదు. ఆ బ్యాంకు డైరెక్టర్ల బంధువుల ఖాతాలు అంతకు నెల ముందే ఖాళీ అయ్యాయని ఆ తర్వాత తెలిసింది. ఆ వారం అక్కడ ఒక అద్దం పగిలింది. మర్నాడు పేపర్లో అద్దం గురించే వచ్చింది.

చిలీలోనూ పైవాళ్లు ముందే తమ దారి చూసుకున్నారు, జనం ఆ తర్వాతే బయటికి వచ్చారు. 2019లో మెట్రో టికెట్ 30 పెసోలు (అక్కడి కరెన్సీ పేరూ పెసోయే) పెంచితే గొడవ మొదలైందని పేపర్లలో రాశారు. జనం మాత్రం "30 పెసోలు కాదు, 30 ఏళ్లు" అన్నారు. 1981లో అక్కడి సైనిక ప్రభుత్వం పెన్షన్లను ప్రైవేటు కంపెనీల చేతికి ఇచ్చింది, సైన్యానికి మాత్రం పాత పద్ధతే ఉంచింది. ఆ చట్టం తెచ్చిన మంత్రి హోసే పిన్యేరా. 2019లో జనం మీదికి సైన్యాన్ని దించిన అధ్యక్షుడు ఆయన తమ్ముడు సెబాస్టియన్, బిలియనీర్.

కాబట్టి, అయ్యా, ఎక్కడైనా జనం బ్యాంకుల ముందు గుమిగూడిన ఫొటో వేసేటప్పుడు, అంతకు ముందు ఆరు నెలల్లో ఆ దేశం నుంచి ఎంత డబ్బు బయటికి పోయిందో, ఎవరిది పోయిందో కూడా పక్కనే వేయండి. ఆ లెక్కలు కేంద్ర బ్యాంకుల దగ్గర ఉంటాయి. అడిగేవాళ్లు కావాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి