మాకు ఇల్లు దొరికేలా చేసిన అందరికీ, జిమ్ రౌస్ గారికీ

వచ్చే శుక్రవారం అమెరికాలో, బాల్టిమోర్‌లోని మా ఇంటి తాళాలు ఇచ్చేస్తున్నాం. నాకు వేరే రాష్ట్రంలో ఫుల్‌టైమ్ ఉద్యోగం వచ్చింది, అమ్మాయి కాలేజీకి వెళ్తోంది. సామాన్లు అట్టపెట్టెల్లో సర్దుతుంటే, ఈ ఊరు దాటేలోపు కొంతమందికి నలుగురిలో కృతజ్ఞతలు చెప్పాలనిపించింది. ఎదురుపడినప్పుడు చెబుదామంటే గొంతు పూడుకుపోతుంది. అందుకే రాస్తున్నాను.

2021లో మావారు పోయారు. అమ్మాయికి అప్పుడు పదమూడేళ్లు. మేం ఉంటున్న అపార్ట్‌మెంట్ ఇద్దరి జీతాల లెక్కలో తీసుకున్నది, నాదేమో పార్ట్‌టైమ్ పని. ఆస్పత్రి బిల్లులు ఇంకా వస్తూనే ఉన్నాయి. అంతలో లీజు రెన్యువల్ ఉత్తరం వచ్చింది, అద్దె పెంచామని. ఆ ఉత్తరం మడతపెట్టి బియ్యం డబ్బా కింద దాచాను, అమ్మాయి కంట పడకూడదని. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఆ టెన్షన్‌లో నేను ఎవరినీ సాయం అడగలేదు. అడగాలంటే ముందు నా పరిస్థితి ఇదీ అని చెప్పుకోవాలి కదా, అది నా వల్ల కాలేదు.

అడగకుండానే వచ్చింది అక్క. పక్క బిల్డింగులో ఉండేది. సొంత అక్క కాదు, పరిచయమై అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. ఒక శనివారం పొద్దున తలుపు కొట్టి, లోపలికి వచ్చి కూర్చుని, "అద్దె ఎంతకు పెంచారు?" అని అడిగింది. నేను ఏడుపు మొదలుపెట్టాను. "ఏడుద్దువుగాని తల్లీ, ముందు నీ పే స్టబ్‌లు తియ్యి" అంది.

ఆ రోజు పొద్దుపోయేదాకా నాతో కూర్చుని ఫారాలు నింపింది. టాక్స్ క్రెడిట్ అపార్ట్‌మెంట్లు అని ఉంటాయని, ఆదాయం ఒక హద్దులోపు ఉన్నవాళ్లకు తక్కువ అద్దెకు ఇస్తారని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు. పే స్టబ్‌లు (జీతం చీటీలు), బ్యాంకు స్టేట్‌మెంట్లు, టాక్స్ రిటర్నులు, మా ఆఫీసు నుంచి జీతం ధ్రువీకరణ పత్రం, మావారి డెత్ సర్టిఫికెట్ నకళ్లు. ఒక్కో బిల్డింగుకు ఒక్కో అప్లికేషన్. ప్రతిదానికీ ఒక కవరు పెట్టి, పైన ఏం పంపామో, ఏం పంపాలో పెన్సిల్‌తో రాసింది. ఆ కవర్లు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. పారేసే పెట్టెలోకి మాత్రం పోవు.

తొమ్మిది నెలలు వెయిటింగ్ లిస్టులో ఉన్నాం. ఆ తొమ్మిది నెలలూ పెరిగిన అద్దెలో కొంత అక్క, బావగారు సర్దారు. తర్వాత తీర్చేశాననుకోండి, కానీ అప్పుడు వాళ్లు ఎప్పటికి తిరిగిస్తావని ఒక్కమాట కూడా అనలేదు. 2022 చివర్లో ఫోన్ వచ్చింది, ఇల్లు ఖాళీ అయింది, వచ్చి చూసుకోండని.

ఒకప్పుడు స్కూలుగా ఉన్న ఇటుక భవనం అది. పిల్లలు తగ్గిపోయి స్కూలు మూతపడితే, తరగతి గదులను ఇళ్లుగా మార్చారు. పైకప్పు ఎత్తుగా, కిటికీలు మనిషికి రెండింతలుగా ఉంటాయి. మా ముందుగదిలో ఒక గోడకు పాత నల్లబల్ల అలాగే ఉంచేశారు. నిజం పలకరాయి బల్ల. కింద చాక్‌పీసులు పెట్టుకునే చెక్క గట్టు. అంచు దగ్గర ఎవరో పిల్లాడు మేకుతో గీసిన గీతలు కూడా ఉన్నాయి. ఇల్లు చూడటానికి వెళ్లిన రోజు మా అమ్మాయి నేరుగా ఆ బల్ల దగ్గరికి వెళ్లి అరచేత్తో నిమిరింది. అప్పటికి ఏడాదిగా దాని ముఖంలో నేను చూడనిదేదో ఆ క్షణం చూశాను. ఆ నాలుగేళ్లూ లెక్కలు, పరీక్షల తేదీలు, నాకు రావాల్సిన ఫోన్లు, వాళ్ల నాన్న పుట్టినరోజు, అన్నీ ఆ బల్ల మీదే రాసింది.

ఇక రౌస్ గారి సంగతి. ఆయన పేరు నాకు మొదట చెప్పింది పై అంతస్తు పెద్దావిడ. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి, డెబ్భై ఏళ్లు దాటాయి. మేం దిగిన మొదటి వారంలోనే కిందికి వచ్చి పలకరించింది. ఈ ఇల్లు దొరకడం నా అదృష్టం అని నేనంటే, "అదృష్టం కాదు, దీని కోసం కష్టపడ్డవాళ్లు ఉన్నారు" అంది. అలా మొదలైంది. తర్వాత లైబ్రరీకి వెళ్లి ఆయన గురించి దొరికినంతా చదివాను.

జేమ్స్ రౌస్, అందరికీ జిమ్, 1914లో మా మేరీలాండ్ రాష్ట్రంలోనే ఈస్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. అయిదుగురు పిల్లల్లో ఆఖరివాడు. 1930లో, పదహారేళ్లప్పుడు, ఒకే ఏడాదిలో అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. ఇంటి మీద అప్పు ఉంది, బ్యాంకు ఆ ఇంటిని స్వాధీనం చేసుకుంది. ఈ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయాను. మా అమ్మాయి వయసు కంటే ఎంత పెద్దవాడని అప్పటికి?

తర్వాత బాల్టిమోర్ వచ్చి పగలు గ్యారేజీలో కార్లు పార్క్ చేస్తూ, రాత్రి కాలేజీలో లా చదివారు. 1939లో ఇళ్లకు అప్పులిచ్చే కంపెనీ ఒకటి భాగస్వామితో కలిసి పెట్టారు. అదే పెరిగి పెద్దదై రౌస్ కంపెనీ అయింది. షాపింగ్ మాల్స్ కట్టారు. పొలాల మధ్య కొలంబియా అనే కొత్త ఊరినే కట్టి 1967లో తెరిచారు. ఇళ్ల అమ్మకాల్లో జాతి వివక్షను నిషేధించే ఫెడరల్ చట్టం ఇంకా రాకముందే అక్కడ నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ ఒకే వీధిలో ఇళ్లు అమ్మారు.

కానీ మా పెద్దావిడ చెప్పేది హార్బర్ గురించి, అంటే డౌన్‌టౌన్ పక్కనున్న పాత ఓడరేవు గురించి. 1950లో బాల్టిమోర్ జనాభా దాదాపు 9.5 లక్షలు. తర్వాత ఫ్యాక్టరీలు మూతపడుతూ, ఉన్నవాళ్లు శివార్లకు వెళ్లిపోతూ, ఏటికేడు ఊరు ఖాళీ అయిపోయింది. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత జరిగిన అల్లర్లలో ఆరుగురు చనిపోయారు, వెయ్యి దాకా దుకాణాలు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత సాయంత్రమైతే డౌన్‌టౌన్‌కు ఎవరూ వెళ్లేవారు కాదట. ఇన్నర్ హార్బర్ అంటే పుచ్చిన చెక్క రేవులు, పాత గోదాములు. "మా అమ్మ అటు వెళ్తే కాళ్లు విరగ్గొడతానని బెదిరించేది" అని చెప్పింది.

రౌస్ ఒక్కడే వచ్చి ఊరిని లేపాడని అంటే అది అబద్ధం అవుతుంది. 1955లో ఊరి వ్యాపారులు కొందరు కలిసి గ్రేటర్ బాల్టిమోర్ కమిటీ పెట్టారు, అందులో ఆయన ఒకరు. డౌన్‌టౌన్ నడిబొడ్డున 33 ఎకరాల్లో చార్లెస్ సెంటర్ ప్రాజెక్టు ఆ ప్రయత్నాల్లోంచే వచ్చింది. రేవులు బాగుచేసి, నీళ్ల పక్కన నడిచే దారి వేసి, పచ్చిక పరిచింది నగరమే. మేయర్ విలియం డోనాల్డ్ షేఫర్ పట్టుదల లేకపోతే ఏదీ కదిలేది కాదు. ఆ నీటి ఒడ్డున దుకాణాలు, తినే చోట్లు ఉండే రెండు పెవిలియన్లు కడతానని రౌస్ వచ్చినప్పుడు జనంలో చాలామంది వద్దన్నారు. ఇంత కష్టపడి తెచ్చుకున్న ఖాళీ జాగా మళ్లీ పోతుందని వాళ్ల భయం. 1978 నవంబరులో ఓటింగ్ పెడితే జనం ఒప్పుకున్నారు. ఆ గొడవ జరగడం మంచిదే అయిందని నాకనిపిస్తుంది. ఊరివాళ్లను అడగకుండా కట్టింది ఊరిది అవ్వదు.

1980 జులై 2న ఆ రెండు పెవిలియన్లు హార్బర్‌ప్లేస్ అనే పేరుతో తెరిచారు. మా పెద్దావిడ ఆ రోజు అక్కడే ఉంది, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని. అమ్మ వెళ్లొద్దన్న చోటికే. "పడవలు చూడ్డానికి కాదు నేను వెళ్లింది. జనాన్ని చూడ్డానికి" అంది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, ముసలివాళ్లు, చంటిపిల్లలు, అందరూ ఒకే గట్టు మీద నడుస్తున్నారట. అది చెబుతున్నప్పుడు ఆవిడ చేతులతో చూపిస్తుంది, ఈ చివర నుంచి ఆ చివర దాకా అని. మరుసటి ఏడాది పక్కనే నేషనల్ అక్వేరియం వచ్చింది. దేశం నలుమూలల మేయర్లు వచ్చి చూసి వెళ్లేవారు.

ఆ తర్వాతి కథ అంత బాగుండదు. హార్బర్ దగ్గర వెలిగిన దీపాలు పశ్చిమ బాల్టిమోర్ దాకా రాలేదని ఇక్కడివాళ్లు అంటారు, నిజమే. టొలీడో, ఫ్లింట్ లాంటి ఊళ్లలో ఇదే తరహాలో కట్టినవి నిలవలేదు. హార్బర్‌ప్లేస్ కూడా దుకాణాలు ఖాళీ అయిపోయి 2019లో రిసీవర్‌షిప్‌లోకి, అంటే కోర్టు నియమించిన మనిషి చేతుల్లోకి, వెళ్లింది. ఇప్పుడు దాన్ని తీసుకున్నది పశ్చిమ బాల్టిమోర్‌లోనే పెరిగిన డెవలపర్. ఆ పెవిలియన్లు తీసేసి కొత్తవి కట్టడానికి 2024 నవంబరులో ఊరివాళ్లు మళ్లీ ఓటేశారు. ఈసారీ బోలెడు వాదన జరిగింది.

దీపాలు చేరని చోట్లు ఉన్నాయని రౌస్ గారికి తెలుసు. నేను ఆయనకు రుణపడింది హార్బర్ కోసం కాదు, ఆ తర్వాత ఆయన చేసిన పని కోసం. కంపెనీ పగ్గాలు వదిలేశాక, హాయిగా ఇంట్లో కూర్చోవలసిన వయసులో, 1982లో భార్య ప్యాటీతో కలిసి ఎంటర్‌ప్రైజ్ ఫౌండేషన్ మొదలుపెట్టారు, పేదవాళ్లకు మంచి ఇళ్ల కోసం. దానికి బీజం పడింది అంతకు దాదాపు పదేళ్ల ముందు. వాషింగ్టన్‌లో ఒక చిన్న చర్చికి చెందిన ఆడవాళ్లు శిథిలమైపోయిన రెండు అపార్ట్‌మెంట్ భవనాలు కొని బాగుచేస్తామని ఆయన దగ్గరికి వచ్చారు. వాళ్లకు డబ్బు సమకూర్చే దారి ఆయన చూపించారు.

1986లో వచ్చిన పన్నుల చట్టంలో తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లకు టాక్స్ క్రెడిట్ అనే పద్ధతి పెట్టారు. దాని కోసం గట్టిగా పనిచేసినవాళ్లలో ఆయన, ఆయన సంస్థ ఉన్నారు. మా ఇల్లు ఆ పద్ధతిలో కట్టిందే కాబట్టి నేను కూర్చుని అర్థం చేసుకున్నాను. అద్దె ఇళ్లు కట్టేవాళ్లకు ప్రభుత్వం పదేళ్లపాటు పన్నులోనే తగ్గింపు ఇస్తుంది. ఆ తగ్గింపు తమకు వచ్చేలా బ్యాంకులు, పెద్ద కంపెనీలు పెట్టుబడి పెడతాయి. అంత పెట్టుబడి వచ్చింది కాబట్టి కట్టేవాళ్లకు అప్పు తక్కువ, అప్పు తక్కువ కాబట్టి అద్దె తక్కువ పెట్టినా బిల్డింగు నడుస్తుంది. బదులుగా ఆ ఇళ్లను ఆదాయం హద్దులోపు ఉన్నవాళ్లకే ఇవ్వాలి, అద్దె ఆ హద్దులో 30 శాతం దాటకూడదు. తర్వాత ఆదాయం పెరిగిందని వెళ్లగొట్టరు కూడా. నాకు గంటలు పెరిగి జీతం పెరిగిన ఏడాది ఎంత భయపడ్డానో, మా బిల్డింగు మేనేజర్ గారు ఆ మాట చెప్పాక అంత హాయిగా నిద్రపోయాను.

ఆయన 1996లో పోయారు. నేను ఈ దేశంలో అడుగుపెట్టడానికి చాలా ముందు. అయినా పదహారేళ్లకే ఇల్లు పోగొట్టుకున్న ఒక పిల్లాడి వల్ల, పదమూడేళ్లకు నాన్నను పోగొట్టుకున్న నా కూతురికి ఇల్లు పోలేదు. స్కూలు మారలేదు, స్నేహితులు మారలేదు. రౌస్ గారూ, మీకు నా నమస్కారం. ప్యాటీ గారికీ.

అక్కా, బావగారూ, మీకు థాంక్స్ అంటే మీరు కోప్పడతారని తెలుసు. అయినా చెబుతున్నాను. ఆ శనివారం మీరు తలుపు కొట్టకపోతే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచించలేను.

మా మేనేజర్ గారికి కృతజ్ఞతలు. ఏటా చేసే ఆదాయం లెక్కలప్పుడు నా కాగితాల్లో ఏది తక్కువైనా ఫోన్ చేసి చెప్పారే గానీ ఒక్కసారి కూడా ఫైలు పక్కన పడేయలేదు. రాత్రి పదింటికి హీటర్ ఆగిపోతే మంచులో వచ్చిన మెయింటెనెన్స్ తమ్ముడికి కూడా. నేను పనిలో ఉన్న సాయంత్రాలు మా అమ్మాయిని తన ఇంట్లో కూర్చోబెట్టుకుని చదివించిన పై అంతస్తు పెద్దావిడకు ఏం చెప్పాలో తెలియదు. కాలేజీ అప్లికేషన్‌లో అది రాసిన వ్యాసం ఆవిడ గురించే.

ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మొహమాటపడకుండా నాకు మెసేజ్ పెట్టండి. ఏ ఫారం ఎలా నింపాలో, ఏ కాగితం అడుగుతారో నాకు ఇప్పుడు కంఠతా వచ్చు. మీతో పాటు ఫోన్‌లో కూర్చుని నింపుతాను, ఎంతసేపైనా సరే.

మా తర్వాత ఈ ఇంట్లోకి ఒక తల్లి, ఇద్దరు చిన్నపిల్లలు వస్తున్నారట. చాక్‌పీసుల డబ్బా గట్టు మీదే ఉంచేస్తున్నాం. నిన్న మా అమ్మాయి బల్ల అంతా తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆరేదాకా అక్కడే నిలబడింది.