తుంటి గురించి మూర్తికి

ఒరేయ్ మూర్తీ,

నీ ఉత్తరం చదవగానే ముందు నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. రెండేళ్లుగా మోకాలికి ఆయింట్‌మెంట్లు రాశావు, మోకాలికి పట్టీ వేశావు, మోకాలికే ఎక్స్‌రే మీద ఎక్స్‌రే తీయించావు. తీరా చూస్తే మోకాలు శుభ్రంగా ఉంది, అరిగిపోయింది తుంటి! తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయన్న సామెత విన్నాం గానీ, తుంటి అరిగితే మోకాలు ఏడుస్తుందని మనకెవరూ చెప్పలేదు. రెండు కీళ్లకీ వెళ్లే నరాలు కొన్ని ఒకటే కావడంతో నొప్పి పుట్టిన చోట కాక కింద తెలుస్తుందట. నాకు గజ్జల్లో మొదలైంది కాబట్టి తొందరగా దొరికిపోయింది. అందులో నా తెలివేం లేదు.

సరే, అసలు సంగతికి వస్తా. "తుంటి కీలు మార్చి సిమెంటు లేని రకం వేస్తామంటున్నారు, సిమెంటు లేకుండా అది ఎలా నిలబడుతుందిరా, నడుస్తుంటే ఊడి రాదూ?" అని అడిగావు. ఏడాదిన్నర కిందట నా తుంటి మార్చేముందు మా సర్జన్‌ని నేను అడిగిందీ ఇదే. ఆయన నవ్వి, "పట్టుకోవాల్సింది నేను కాదండీ, మీ ఎముక" అన్నాడు. తప్పించుకుంటున్నాడనుకుని ఒళ్లు మండింది. నిజానికి మొత్తం సంగతి ఆ ఒక్క మాటలో ఉంది.

ముందు సిమెంటు గురించి. గోడకి పూసే సిమెంటు కాదది. పొడీ ద్రవమూ కలిపితే కాసేపట్లో రాయిలా బిగుసుకునే యాక్రిలిక్ ముద్ద. జిగురు కూడా కాదు. తొడ ఎముక లోపలి బోలులో లోహపు కాడని దింపినప్పుడు, కాడకీ ఎముకకీ మధ్య సందులన్నీ నింపి కదలకుండా పట్టి ఉంచుతుంది. ఇంగ్లండులో రైటింగ్టన్ ఆస్పత్రిలో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ 1960ల మొదట్లో ఈ పద్ధతిని గాడిలో పెట్టాడు. ఆయన సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. మొదట్లో, కాడ మీది గుండు తిరిగే గిన్నెని టెఫ్లాన్ అనే ప్లాస్టిక్‌తో చేసి వందల మందికి వేశాడు. అది కొన్నేళ్లకే అరిగి, ఆ పొడికి చుట్టుపక్కలంతా వాచి, చాలామందికి తీసి మళ్లీ చేయాల్సి వచ్చింది. 1962 చివర్లో పాలిథిలీన్ అనే ఇంకా గట్టి ప్లాస్టిక్‌కి మారాడు. ఊరుకున్నాడా? టెఫ్లాన్ పొడినీ పాలిథిలీన్ పొడినీ తన తొడలోనే పెట్టుకుని, దేన్ని ఒళ్లు ఒప్పుకుంటుందో చూసుకున్నాడు. నీ సర్జన్‌ని అంత దూరం వెళ్లమనకులే.

1980లకి వచ్చేసరికి, సిమెంటు వేసిన కొందరికి కీలు చుట్టూ ఎముక చెదలు తిన్నట్టు కరిగిపోవడం కనిపించింది. తప్పంతా సిమెంటుదే అనుకుని దానికి 'సిమెంటు జబ్బు' అని పేరు కూడా పెట్టారు. సిమెంటు లేకుండా వేద్దామన్న ఊపు ఎక్కువగా అక్కడి నుంచే వచ్చింది. చిత్రమేమిటంటే, సిమెంటు లేనివాళ్లకీ ఎముక కరిగింది! అసలు దొంగ వేరే ఉన్నాడు. గిన్నెలోని ప్లాస్టిక్ అరిగి రాలిన సన్నటి పొడి. దాన్ని శుభ్రం చేయడానికి వచ్చిన కణాలు రెచ్చిపోయి పక్కనున్న ఎముకని కరిగించేవి. 1990ల చివర్లో రేడియేషన్‌తో గట్టిపరచిన పాలిథిలీన్ వాడకంలోకి వచ్చాక ఆ బెడద బాగా తగ్గింది. పాపం, సిమెంటు ఇన్నేళ్లు వేరేవాడి నింద మోసింది. అందుకే "సిమెంటు పాతది, లేనిది కొత్తది, కొత్తదే మంచిది" అని నీకెవరైనా చెబితే సగమే నమ్ము.

ఇప్పుడు నీకు వేయబోయే దాని సంగతి. కాడ సాధారణంగా టైటానియంది. దాని పైభాగం నున్నగా ఉండదు, ముట్టుకుంటే గరుకుకాగితంలా ఉంటుంది. ఆ గరుకులో కంటికి ఆనీ ఆనని రంధ్రాలు, మిల్లీమీటరులో పదో వంతు నుంచి నాలుగు పదో వంతుల దాకా. కొన్నిటికి ఎముకలో ఉండే ఖనిజాన్నే, హైడ్రాక్సీ అపటైట్‌ని, పూతగా పూస్తారు. ఎముకలో చోటు కాడకంటే ఓ పిసరు తక్కువగా చేసి, దెబ్బ మీద దెబ్బ వేసి దించుతారు. గొడ్డలికి కామ బిగించినట్టే. మొదటి వారాల్లో దాన్ని పట్టుకుని ఉండేది ఆ బిగుతు ఒక్కటే. తర్వాత మెల్లగా ఎముక ఆ రంధ్రాల్లోకి అల్లుకుంటుంది. ఇక్కడే కిటుకు ఉంది. కాడ లోపల కదిలేది 50 మైక్రాన్లలోపు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే సన్నటి వెంట్రుక మందం లోపు అయితే ఎముక అల్లుకుంటుంది. 150 మైక్రాన్లు దాటి కదులుతుంటే ఎముక బదులు పీచులాంటి కండ పెరుగుతుంది. అలా అయితే కాడ ఎప్పటికీ వదులే, నొప్పీ తప్పదు. "పట్టుకోవాల్సింది మీ ఎముక" అంటే ఇదన్నమాట.

నా సంగతి వినాలనుంటుంది నీకు. ఆపరేషన్ మర్నాడే వాకర్ పట్టుకుని నిలబడ్డాను. ఆ పాత నొప్పి, రాత్రిళ్లు పక్క మీద ఒత్తిగిలనివ్వని ఆ దిక్కుమాలిన నొప్పి, లేనే లేదు. కోత నొప్పి ఉంది గానీ అది వేరే జాతి, రోజురోజుకీ తగ్గే నొప్పి. అంతా బాగుందనుకుంటుండగా ఆరో వారం ఎక్స్‌రేలో కాడ రెండు మిల్లీమీటర్లు కిందికి దిగిందన్నారు. ఆ రాత్రి నిద్ర లేదు. ఊడిపోతోందనే అనుకున్నా. బిగించిన కాడ మొదటి వారాల్లో కాస్త సర్దుకుని దిగడం మామూలేనట, అలా దిగుతూనే ఉంటేనే కంగారు పడాలట. ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా! మూడో నెలా, ఏడాదికీ తీసిన ఎక్స్‌రేల్లో అది అక్కడే ఉంది, వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ఇంకోటి, ఇది నీకూ రావచ్చు కాబట్టి రాస్తున్నా. కుర్చీలోంచి లేచి మొదటి నాలుగడుగులు వేసేటప్పుడు తొడ మధ్యలో సలుపు. నడుస్తుంటే పోయేది. లోహం ఎముకకంటే ఎన్నో రెట్లు బిరుసు, ఎముక వంగేంత అది వంగదు, అందుకే కాడ కొస దగ్గర ఎముక గొణుగుతుందట. పాతకాలపు కోబాల్ట్ క్రోమ్ కాడలకి ఇది ఎక్కువ, టైటానియానికి తక్కువ. నాకు ఎనిమిదో నెలకల్లా పోయింది. అదే నొప్పి తగ్గకుండా పెరుగుతూ పోతే మాత్రం ఊరుకోకూడదు, కాడ వదులైందేమో చూపించుకోవాలి. మొదట్లో ఆ కాలు పొడుగైనట్టు కూడా అనిపించింది, కొన్నాళ్లకి ఆ భ్రమ పోయింది.

నా దగ్గర ఆపరేషన్‌కి ముందూ ఏడాది తర్వాతా ఓ ప్రశ్నల కాగితం నింపించారు. ఆక్స్‌ఫర్డ్ హిప్ స్కోర్ అంటారు, 12 ప్రశ్నలు, 48కి మార్కులు. నాకు ముందు 17, ఏడాదికి 43. బళ్లో ఎప్పుడూ ఇంత పెరగలేదు నా మార్కులు, నీకు తెలుసుగా! ఆ ప్రశ్నలు చూస్తే ఆశ్చర్యమేసింది. ఎక్స్‌రే గురించి ఒక్కటీ లేదు. మెట్లు ఎక్కగలవా, కారెక్కి దిగగలవా, రాత్రి నొప్పి లేపుతోందా, మేజోళ్లు వేసుకోగలవా, ఇవీ. నవ్వకు, ఆ మేజోళ్లే నాకు పరీక్ష. మూడేళ్లు మా ఆవిడ వేసింది. పదో వారంలో ఒకరోజు నేనే వేసుకుని, ఎవరికీ చెప్పకుండా పది నిమిషాలు అలా పాదం చూసుకుంటూ కూర్చున్నా.

ఇప్పుడు మా అమ్మ సంగతి. నా ఆపరేషన్ అయిన ఆరు నెలలకి పడింది, 81 ఏళ్లకి. తుంటి దగ్గర ఎముక విరిగి సగం కీలు, అంటే తొడ ఎముక వైపుది మాత్రమే, మార్చారు, సిమెంటుతో. నాకు సిమెంటు లేనిది వేసి అమ్మకి పాతది వేస్తారా అని అక్కడి డాక్టరమ్మ మీద కాస్త గట్టిగానే మాట్లాడాను. ఆమె ఓపిగ్గా చెప్పింది. ముసలి ఎముక గోడలు పలచబడి, లోపల బోలు రేకు గొట్టంలా వెడల్పవుతుంది. అందులో సుత్తితో బిగించబోతే చీలవచ్చు, తర్వాతైనా విరగవచ్చు. 2022లో వచ్చిన ఓ పెద్ద పరిశీలనలో, 60 దాటి తుంటి విరిగిన 1,225 మందిని చీట్లేసినట్టు రెండు రకాలుగా పంచి చూశారు. కాడ చుట్టూ ఎముక విరగడం సిమెంటు వేసినవాళ్లలో 0.5 శాతం, వేయనివాళ్లలో 2.1 శాతం. నాలుగు నెలలకి రోజువారీ బతుకు కూడా సిమెంటువాళ్లకే మెరుగ్గా ఉంది. సిమెంటు పెట్టేటప్పుడు కొందరికి బీపీ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది, అది మత్తు డాక్టరు కనిపెట్టుకుని ఉంటారు. తర్వాత ఆమెకి క్షమాపణ చెప్పుకున్నాలే. అమ్మ ఇప్పుడు చేతికర్రతో తిరుగుతోంది, నాకంటే ఎక్కువ హుకుం చేస్తోంది.

ఎన్నాళ్లు వస్తుందని కదూ నీ అసలు బెంగ? స్వీడన్ 1979 నుంచి, ఆస్ట్రేలియా 1999 నుంచి, ఇంగ్లండు, వేల్స్ 2003 నుంచి వేసిన తుంటి లెక్కలు పద్దు రాస్తున్నాయి. 2019లో పాత లెక్కలన్నీ కలిపి చూసినవాళ్లు, 25 ఏళ్లకి సుమారు 58 శాతం తుంటులు ఇంకా పనిచేస్తున్నాయన్నారు. అందులో ఎక్కువ పాతకాలపు ప్లాస్టిక్‌వే, అది గుర్తుంచుకో. 75 దాటినవాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి, కాడ సిమెంటుదైతే మళ్లీ ఆపరేషన్ పడటం తక్కువ. మన వయసుకి, ఎముక గట్టిగా ఉంటే, సిమెంటు లేనిది బాగానే నిలుస్తోంది. గిన్నె సిమెంటు లేకుండా, కాడ సిమెంటుతో వేసే మిశ్రమం కూడా ఉంది.

కాబట్టి నువ్వు "సిమెంటు ఉందా లేదా" అని కాదు, "నా ఎముక ఎలా ఉంది" అని అడుగు. ఆ కాడకి కనీసం పదేళ్ల లెక్క ఉందా అని కూడా అడుగు. నిన్న మొన్న వచ్చిన డిజైన్ అంటే నాకు భయమే. లోహం మీద లోహం రుద్దుకునే రకాల్ని కూడా ఒకప్పుడు అద్భుతమనే అన్నారు. రక్తంలోకి కోబాల్ట్ చేరి, చుట్టూ కండ పాడై, వాటిలో ఒకదాన్ని 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. పళ్లలో చీము గట్రా ఉంటే ముందే చూపించేసుకో. సిగరెట్టు గురించి నేను చెప్పను, నీకే తెలుసు.

ఇంటికెళ్లాక పల్లపు సోఫాల జోలికి పోకు, కాలు మీద కాలు వేయకు, వాళ్లు సరేననేదాకా. కింద పడ్డ పెన్ను కోసం వంగబోయి ఓసారి నా ఫిజియోథెరపిస్ట్ చేత తిట్లు తిన్నాను.

దీంతోపాటు ఓ పార్సిల్ వస్తుంది. అందులో బూట్లు ఎక్కించుకునే పొడుగు గరిటె ఉంది, వంగక్కర్లేదు. పని అయ్యాక తిరిగి పంపు. రెండో తుంటి కూడా గొణగడం మొదలెట్టింది నాకు.

నీ
ప్రసాదు