ఇండోర్ పూల్‌లో నీళ్లు చూస్తున్నారు, గాలి చూసేదెవరు?

సంపాదకులకు,

వేసవి ఈత శిబిరాలు మొదలైతే అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లలోని ఇండోర్ స్విమ్మింగ్ పూల్స్ పిల్లలతో కిటకిటలాడతాయి. తలుపు తీయగానే ఘాటు ముక్కుకు కొడితే "క్లోరిన్ గట్టిగా వేశారు, నీళ్లు శుభ్రమే" అని తల్లిదండ్రులు ధైర్యం తెచ్చుకుంటారు. నిర్వాహకులూ ఆ మాటే చెబుతారు. నిజానికి బాగున్న నీళ్లలోని క్లోరిన్‌కు అంత వాసన రాదు. ఆ ఘాటు క్లోరమైన్లది. చెమట, మూత్రంలోని యూరియా, అమ్మోనియాలతో క్లోరిన్ కలిస్తే అవి పుడతాయి. వాటిలో ట్రైక్లోరమైన్ నీళ్లలో నిలవదు, గాలిలోకి వచ్చేస్తుంది. గాలికంటే బరువు కాబట్టి నీటి మీద పొరలా పరుచుకుంటుంది. ఈదే పిల్లాడు తల పక్కకు తిప్పి పీల్చేది ఆ పొరనే. పైన కుర్చీలో కూర్చున్న తల్లికి అందులో కొంతే తెలుస్తుంది. అనుమానం ఉంటే పూల్ అంచున గొంతుక్కూర్చుని, మొహం నీటికి జానెడు దూరంలో పెట్టి ఒక్కసారి పీల్చి చూడండి.

కళ్ల మంట, గొంతు గరగర, ఆగని పొడిదగ్గు దీని మొదటి గుర్తులు. ఉబ్బసం ఉన్నవాళ్లకు పిల్లికూతలు మొదలవుతాయి. పిల్లలు గంట ఉండి పోతారు, కోచ్‌లు, లైఫ్‌గార్డులు రోజంతా ఆ గాలిలోనే. ఇండోర్ పూల్ సిబ్బందిలో ఉద్యోగం వల్ల వచ్చిన ఉబ్బసానికి ట్రైక్లోరమైనే కారణమని బ్రిటన్ వైద్యులు 2002లోనే నమోదు చేశారు. పిల్లల్లో కొత్తగా ఉబ్బసం తెస్తుందా అన్నది ఇంకా తేలలేదు, అధ్యయనాలు రెండు వైపులా ఉన్నాయి. అంతమాత్రాన ఉబ్బసం ఉన్న పిల్లలను ఈత మాన్పించనక్కర్లేదు. పరుగు కంటే ఈతే వాళ్లకు నయం, పూల్ మీద గాలి తేమగా ఉంటుంది కాబట్టి. ఆ గాలి బాగుండాలి, అంతే.

మన దగ్గర పరీక్షలోనే మొదటి తప్పు జరుగుతోంది. చాలా పూల్స్‌లో వాడేది ఆర్థోటోలిడిన్ చుక్కల మందు. నీళ్లు పసుపు రంగుకు తిరిగితే క్లోరిన్ ఉందని రిజిస్టర్‌లో రాసేస్తారు. ఆ రంగు మంచి క్లోరిన్‌దా, క్లోరమైన్‌దా అన్నది ఆ చుక్కలు చెప్పవు. డీపీడీ బిళ్లలు (రంగుతో క్లోరిన్‌ను కొలిచే పరీక్ష బిళ్లలు) వాడాలి. 1వ నంబరు బిళ్ల వేస్తే ఫ్రీ క్లోరిన్, అంటే దేనితోనూ కలవని మంచి క్లోరిన్, తెలుస్తుంది. అదే నీళ్లలో 3వ నంబరు బిళ్ల వేస్తే మొత్తం క్లోరిన్. మొదటిది 1.2, రెండోది 2.0 వచ్చిందనుకోండి, తేడా 0.8 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు). ఆ తేడానే కంబైన్డ్ క్లోరిన్, అంటే క్లోరమైన్లుగా మారిన క్లోరిన్. అమెరికాలో దీన్ని 0.4 లోపు ఉంచమంటారు, జర్మనీలో 0.2 లోపే. మన రిజిస్టర్లలో చాలావాటికి ఆ గడే లేదు.

తేడా పెరిగితే సిబ్బంది చేసేది ఇంకాస్త క్లోరిన్ గుమ్మరించడం. అరకొరగా వేస్తే క్లోరమైన్లు విరగవు, కొత్తవి తయారవుతాయి. విరగాలంటే ఫ్రీ క్లోరిన్‌ను ఆ తేడాకు సుమారు పది రెట్లకు తీసుకెళ్లాలి. 2,40,000 లీటర్ల పూల్‌లో పై లెక్కకు 12 శాతం హైపో (సోడియం హైపోక్లోరైట్ అనే ద్రవ క్లోరిన్ మందు) 13, 14 లీటర్లు పడుతుంది. ఇది రాత్రి, హాల్‌లో ఎవరూ లేనప్పుడు, ఫ్యాన్లన్నీ తిరుగుతుండగా చేసే పని. పొద్దున్న ఆరు గంటల బ్యాచ్ దిగబోయే ముందు కాదు. అప్పుడు కూడా యూరియా ఒక పట్టాన పోదు. దానికి మందు కొత్త నీళ్లే. ఈదిన ప్రతి మనిషికీ రోజుకు 30 లీటర్ల పాత నీళ్లు తీసి కొత్తవి పోయాలి. రోజుకు వంద మంది దిగితే 3,000 లీటర్లు. ఫిల్టర్‌ను వెనక్కి నీళ్లు పంపి కడిగే బ్యాక్‌వాష్‌లో పోయే నీళ్లూ ఈ లెక్కలోకే వస్తాయి. ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే చోట మొదట కోత పడేది ఇక్కడే. జనం పెరిగేదీ అప్పుడే.

ఇంకో సంగతి, టీసీసీఏ (ట్రైక్లోరోఐసోసయనూరిక్ ఆమ్లం) క్లోరిన్ బిళ్లలు. వాటిలోని సయనూరిక్ ఆమ్లం క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడుతుంది. ఆరుబయట పూల్‌కు అది మేలే. కప్పు కింద ఎండే లేదు. అక్కడ ఆ ఆమ్లం నీళ్లలో పేరుకుపోయి క్లోరిన్ పనిని మందగింపజేస్తుంది. ఇండోర్ పూల్‌కు హైపో సరిపోతుంది, పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉండాలి. దిగేముందు ఒక్క నిమిషం ఒళ్లు తడిపి రుద్దుకుంటే చెమటలో చాలా భాగం బయటే పోతుంది. కాళ్లు తడుపుకుని దూకేస్తే దాన్ని షవర్ అనరు.

నీళ్లు ఎంత బాగు చేసినా బయటి గాలి రాకపోతే ప్రయోజనం సగమే. హాల్‌లో స్ప్లిట్ ఏసీలు బిగించి "గాలి ఉంది కదా" అంటారు. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది, బయటి నుంచి చుక్క గాలి తేదు. పైగా గాలి నీటికంటే చల్లబడితే ఆవిరి ఎక్కువవుతుంది. హాల్ గాలి నీటికంటే ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా, తేమ 50, 60 శాతం మధ్య ఉండాలి. పూల్, చుట్టూ తడిసే నేల కలిపి చదరపు అడుగుకు 0.48 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు) చొప్పున బయటి గాలి రావాలని అమెరికాలోని ఏసీ, వెంటిలేషన్ ఇంజినీర్ల సంఘం ఆష్రే ప్రమాణం. 25 మీటర్లకు 15 మీటర్ల హాల్ మొత్తాన్ని లెక్కేస్తే సుమారు 1,900 సీఎఫ్ఎం. గాలి లాగే జాలీ సీలింగ్‌లో ఉంటే కింది పొర కదలదు. అది డెక్ మట్టానికి దగ్గరగా, కొత్త గాలి వచ్చే వైపుకు ఎదురుగా ఉండాలి. కరెంటు బిల్లు చూసి ముందు కట్టేసేది కూడా ఈ ఫ్యాన్‌నే.

ఆ గాలి ఊపిరితిత్తులతో ఆగదు. స్టీలు రెయిలింగ్‌కు గోధుమరంగు మచ్చలు, తలుపు బందులకు తుప్పు కనిపిస్తే పైన సీలింగ్‌ను పట్టి ఉన్న కడ్డీలనూ చూపించండి. 1985లో స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్‌లో పూల్ కాంక్రీటు సీలింగ్ కూలి 12 మంది చనిపోయారు. దాన్ని మోసే స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు క్లోరైడ్ వల్ల లోలోపలే పగిలిపోయాయి.

మన దేశంలో పూల్ నీటికి ఐఎస్ 3328 ప్రమాణం ఉంది. అది నీళ్లకు, గాలికి కాదు. గాలిలో క్లోరమైన్లు ఘనపు మీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో సూచించింది. ఆ పరికరాలు మునిసిపాలిటీల దగ్గర లేకపోయినా ఫర్వాలేదు. ఇండోర్ పూల్ లైసెన్సు ఇచ్చేటప్పుడు, రెన్యువల్‌కు వచ్చినప్పుడు మూడు అడిగితే చాలు: గుమ్మం దగ్గర బోర్డు మీద ఆ పూట ఫ్రీ క్లోరిన్, కంబైన్డ్ క్లోరిన్, పీహెచ్ రాసి ఉండాలి. నెలలో ఎన్ని లీటర్ల కొత్త నీళ్లు పోశారో మీటరు చూపించాలి. బయటి గాలి ఫ్యాన్ బ్యాచ్ నడిచినంతసేపూ ఆన్‌లో ఉండాలి. తనిఖీకి వచ్చిన అధికారి ఒక పల్చటి కాగితాన్ని గాలి లాగే జాలీకి ఆనించి వదలవచ్చు. అంటుకుంటే ఫ్యాన్ పని చేస్తున్నట్టు, జారి కింద పడితే పూల్ మూయించి ఫ్యాన్ బాగు చేయించాలి.

— ఈతకొలనుల నిర్వహణ రంగంలోని పాఠకులు, హైదరాబాద్